రోమ్ చెరిపేసిన సేనాని

ఉత్తర ఇటలీలో మిలాన్‌కు దగ్గర్లో మోంజా అనే ఊరుంది. అక్కడి పెద్ద చర్చి ఖజానాలో రెండు దంతపు పలకలు భద్రంగా ఉన్నాయి. వాటి వయసు పదహారు వందల ఏళ్లు. ఒక పలక మీద గడ్డం పెంచిన ఆజానుబాహువు ఒకడు నిలబడి ఉంటాడు. కుడిచేతిలో బల్లెం, ఎడమచేతి కింద డాలు, నడుముకు కత్తి, భుజం దగ్గర పెద్ద పిన్నుతో బిగించిన పైవస్త్రం. డాలు మీద ఇద్దరి ముఖాలు చిన్నగా చెక్కి ఉంటాయి. రెండో పలక మీద మెడలో బరువైన హారం వేసుకున్న స్త్రీ ఒకామె పువ్వు పట్టుకుని నిలబడింది. ఆమె పక్కన ఒక పిల్లవాడు, వాడి చేతిలో రాతపలక.

ఆ మనిషి స్టిలికో అనీ, స్త్రీ అతని భార్య సెరీనా అనీ, పిల్లవాడు వాళ్ల కొడుకు యుకేరియస్ అనీ చరిత్రకారుల్లో ఎక్కువమంది ఒప్పుకుంటారు. డాలు మీది ఇద్దరూ అన్నదమ్ములు. ఒకరు తూర్పు రోమన్ సామ్రాజ్యాన్ని ఏలిన ఆర్కేడియస్, రెండోవారు పశ్చిమాన్ని ఏలిన హొనోరియస్. ఇద్దరు చక్రవర్తులను డాలు మీద మోసిన ఈ సేనాని 395 నుంచి 408 దాకా పశ్చిమ సామ్రాజ్యాన్ని దాదాపు ఒంటిచేత్తో నడిపాడు. చివరికి ఆ ఇద్దరిలో ఒకరి ఆజ్ఞ మీదే ప్రాణం పోగొట్టుకున్నాడు.

స్టిలికో తండ్రి వాండల్ తెగవాడు. వాలెన్స్ చక్రవర్తి కొలువులో అశ్వికదళ అధికారిగా పనిచేశాడు. తల్లి రోమన్ స్త్రీ. పెంపకం, భాష, మతం అన్నిట్లోనూ స్టిలికో రోమన్‌గానే పెరిగాడు. అయినా తండ్రి పుట్టుక అతన్ని వదల్లేదు. అతన్ని ఆకాశానికెత్తుతూ కావ్యాలు రాసిన క్లాడియన్ కూడా తండ్రి ప్రస్తావన రాగానే రెండు మాటల్లో దాటేశాడు. స్టిలికో చచ్చిపోయాక సెయింట్ జెరోమ్ రాసిన ఉత్తరంలో సామ్రాజ్యం కష్టాలన్నిటికీ కారణం సగం అనాగరికుడైన ఒక ద్రోహి అన్నాడు. ఆ ద్రోహి ఎవరో పేరు పెట్టి చెప్పాల్సిన అవసరం అప్పటి పాఠకులకు లేకపోయింది.

ఇరవై నాలుగు, ఇరవై అయిదేళ్ల వయసులోనే అతను పర్షియా రాజు దగ్గరికి రాయబారిగా వెళ్లాడు. ఆ రోజుల్లోనే థియోడోసియస్ చక్రవర్తి తన సోదరుడి కూతురు సెరీనాను అతనికిచ్చి పెళ్లి చేశాడు. సెరీనా తండ్రి చనిపోయాక ఆమెను పెంచుకున్నది థియోడోసియసే. అలా ఒక వాండల్ సైనికుడి కొడుకు రాజకుటుంబానికి అల్లుడయ్యాడు. తరవాత పదేళ్లలో మెట్టుమెట్టుగా సేనాధిపతి దాకా ఎదిగాడు.

394 సెప్టెంబరులో, నేటి స్లొవేనియాలోని విపావా లోయలో, ఫ్రిజిడస్ నది ఒడ్డున రోమన్లు రోమన్లతో తలపడ్డారు. ఒకవైపు తూర్పు చక్రవర్తి థియోడోసియస్, మరోవైపు పశ్చిమాన గద్దెనెక్కిన యూజీనియస్, అతన్ని నిలబెట్టిన ఫ్రాంక్ సేనాని అర్బోగాస్ట్. మొదటి రోజు థియోడోసియస్ తన వెంట వచ్చిన గోత్ తెగ యోధులను ముందు వరసలో పంపాడు. వాళ్లలో 10,000 మంది పడిపోయారని చరిత్రకారుడు ఒరోసియస్ రాశాడు. అంతమంది గోత్‌లు చావడం రోమ్‌కు మరో గెలుపని కూడా అతను సంతోషించాడు. రెండో రోజు కొండల మీంచి వీచిన ఈదురుగాలి శత్రువుల ముఖాన కొట్టింది, థియోడోసియస్ గెలిచాడు. ఆ సైన్యంలో స్టిలికో పెద్ద హోదాలో ఉన్నాడు. గోత్ దళాల్లో అలారిక్ అనే యువ నాయకుడూ ఉన్నాడు. తమవాళ్ల శవాల గుట్టలు చూసి వెళ్లిన అలారిక్ ఆ లెక్క మరిచిపోలేదు. తరవాతి పద్నాలుగేళ్లు వీళ్లిద్దరి బతుకులూ ఒకదానికొకటి పెనవేసుకునే నడిచాయి.

395 జనవరి 17న థియోడోసియస్ మిలాన్‌లో కన్నుమూశాడు. పెద్దకొడుకు ఆర్కేడియస్‌కు పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో, కాన్‌స్టాంటినోపుల్‌లో ఉన్నాడు. చిన్నవాడు హొనోరియస్ వయసు పదేళ్లు. చనిపోయే ముందు చక్రవర్తి ఇద్దరు పిల్లల్నీ తనకే అప్పగించాడని స్టిలికో ప్రకటించాడు. పక్కన సాక్షులు లేరు. హొనోరియస్ విషయంలో ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆర్కేడియస్ సంగతి వేరు. అతని దర్బారును అప్పటికే రూఫినస్ అనే మంత్రి గుప్పిట్లో పెట్టుకున్నాడు.

ఇక్కడే స్టిలికో జీవితంలో మొదటి చిక్కుముడి పడింది. ఫ్రిజిడస్ యుద్ధం తరవాత తూర్పు సైన్యాలూ పశ్చిమ సైన్యాలూ రెండూ అతని చేతిలోనే ఉన్నాయి. 395లో అలారిక్ తిరగబడి గ్రీసు వైపు దోచుకుంటూ పోతుంటే స్టిలికో ఆ రెండు సైన్యాలతో థెస్సలీ దాకా వెళ్లాడు. యుద్ధం మొదలవబోతుండగా ఆర్కేడియస్ పేర ఆజ్ఞ వచ్చింది: తూర్పు దళాలను వెంటనే వెనక్కి పంపాలి. అప్పుడు స్టిలికో కాదంటే అడ్డుకోగలవాళ్లు లేరు. కానీ అతను ఆజ్ఞ పాటించాడు. గైనాస్ అనే గోత్ అధికారి వెంట ఆ దళాలను పంపేశాడు. నవంబరు 27న రాజధాని బయట చక్రవర్తి ఎదురొచ్చి స్వాగతం పలుకుతుండగా ఆ సైనికులు రూఫినస్‌ను చుట్టుముట్టి ముక్కలు ముక్కలుగా నరికారు. తెగిన అతని చెయ్యి పట్టుకుని, లంచగొండి మంత్రికి డబ్బు వెయ్యండంటూ వీధుల్లో తిరిగారని ఆ కాలపు రచయితలు చెప్పారు. దీని వెనక స్టిలికో ఉన్నాడని చాలామంది నమ్మారు.

397లో అతను ఓడలెక్కి మళ్లీ గ్రీసుకు వెళ్లాడు, అలారిక్‌ను కొండల్లో చుట్టుముట్టాడు. అలారిక్ తప్పించుకున్నాడు. రూఫినస్ స్థానంలోకి వచ్చిన యూట్రోపియస్ ఈలోగా తూర్పు సెనేట్ చేత స్టిలికోను ప్రజాశత్రువుగా ప్రకటింపజేశాడు, గ్రీసును దోచిన అలారిక్‌కు ఇల్లిరికం ప్రాంతంలో సేనాధిపతి పదవి ఇచ్చాడు.

అలారిక్‌ను స్టిలికో కావాలనే వదిలేశాడన్న ఆరోపణ అప్పుడు పుట్టింది, ఇప్పటికీ ఉంది. ఆ ఆరోపణ చేసేవాళ్లు సైన్యం లెక్క చూడరు. ఫ్రిజిడస్‌లో పశ్చిమ దళాలు బాగా నష్టపోయాయి. కొత్తవాళ్లను చేర్చుకోవాలంటే పెద్ద భూస్వాములు తమ పొలాల్లో పనిచేసేవాళ్లను పంపాలి. సెనేటర్లు మనుషుల్ని ఇవ్వడానికి ఒప్పుకోక, బదులుగా బంగారం కడతామన్నారు. ఆ బంగారంతో సైనికులను ఎక్కడ కొనాలి? సరిహద్దు అవతలి తెగల్లోనే. అలాంటి రోజుల్లో గోత్‌లను పూర్తిగా తుడిచిపెట్టడం కోసం ఉన్న సైన్యాన్ని పణంగా పెట్టడం ఏ సేనానికీ తెలివైన పని కాదు. ఓడిన శత్రువు రేపటి సైనికుడు కావచ్చు. స్టిలికో చేసిన యుద్ధాలన్నిట్లోనూ ఈ లెక్క కనిపిస్తుంది. అతన్ని అర్థం చేసుకోవడానికి నాకు దొరికిన తాళంచెవి ఇదే.

397లోనే ఆఫ్రికాలో అక్కడి రోమన్ సేనాని గిల్డో తిరగబడ్డాడు. రోమ్ నగరం తినే గోధుమ ఆఫ్రికా నుంచి రావాలి, అతను ఓడలు ఆపేశాడు. స్టిలికో గాల్, స్పెయిన్‌ల నుంచి ధాన్యం తెప్పించి నగరాన్ని ఆకలి నుంచి కాపాడాడు. గిల్డో మీదికి గిల్డో తమ్ముడినే పంపాడు. అతని పేరు మాస్కెజెల్, అతని ఇద్దరు కొడుకులను గిల్డో చంపించాడు. దాదాపు 5,000 మందితో వెళ్లిన మాస్కెజెల్ 398లో సునాయాసంగా గెలిచి వచ్చాడు. కొద్దికాలానికే నీళ్లలో పడి మునిగిపోయాడు. వంతెన మీంచి స్టిలికో మనుషులే తోసేశారని చరిత్రకారుడు జోసిమస్ రాశాడు. అది నిజమైతే స్టిలికో మీద చెరగని మచ్చే.

ఆ ఏడాదే స్టిలికో పెద్దకూతురు మరియాకు హొనోరియస్‌తో పెళ్లయింది. పెళ్లికొడుక్కి పదమూడేళ్లు. సెరీనా అతనికి తండ్రి సోదరుడి కూతురు, మన వరసల్లో అక్క. అంటే మరియా మేనకోడలు. అక్క కూతురిని చేసుకునే తెలుగువాళ్లకు ఈ సంబంధం వింతగా అనిపించదు. మరియా పిల్లలు లేకుండానే చనిపోయింది. 408లో చిన్నకూతురు థెర్మాంటియాను అదే అల్లుడికి ఇచ్చారు. 1544లో రోమ్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి కొత్త కట్టడం పనుల్లో మరియా సమాధి బయటపడింది. బంగారు దారాల బట్టలు, నగలు దొరికాయి. బంగారాన్ని కరిగించేశారు. మిగిలిన ఒక చిన్న లాకెట్టు ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. దాని మీద క్రీస్తు చిహ్నం ఆకారంలో నాలుగు పేర్లు అల్లి రాశారు: హొనోరియస్, మరియా, స్టిలికో, సెరీనా. చల్లగా బతకండి అన్న దీవెన కూడా ఉంది.

401 చివర్లో అలారిక్ ఇటలీలోకి దిగాడు. స్టిలికో అప్పుడు ఆల్ప్స్ అవతల మరో గుంపుతో పోరాడుతున్నాడు. హొనోరియస్ ఉన్న మిలాన్‌ను గోత్‌లు చుట్టుముట్టారు. స్టిలికో రైన్ నది కాపలా దళాలను, బ్రిటన్ నుంచి ఒక దళాన్ని రప్పించి, చలికాలం మంచులోనే కొండలు దాటి వచ్చాడు. 402 ఏప్రిల్ 6, ఈస్టర్ పండగ రోజు. పొలెన్షియా దగ్గర గోత్‌లు పండగ చేసుకుంటున్న సమయంలో అలాన్ అశ్వికుల నాయకుడు సాల్ వాళ్ల మీద విరుచుకుపడ్డాడు. సాల్ చనిపోయాడు, అతని మనుషులు చెదిరారు, స్టిలికో పదాతి దళంతో నిలబడి గోత్‌ల శిబిరాన్ని పట్టుకున్నాడు. పండగనాడు దాడి చేశారని భక్తులు తిట్టిపోశారు. వెరోనా దగ్గర మరోసారి దెబ్బతిన్నాక అలారిక్ ఇటలీ వదిలి వెళ్లాడు.

భయం మాత్రం పోలేదు. రాజధానిని మిలాన్ నుంచి రావెన్నాకు మార్చారు. చుట్టూ ఉన్న బురద నేలలు ఆ ఊరికి పెట్టని కోట. రోమ్ నగరం గోడలకు మరమ్మతులు చేసి ద్వారాలను గట్టిపరిచారు. ఈ పనులు స్టిలికో సలహాతో జరిగాయని ఆ ద్వారాల మీద శాసనాలు వేశారు. పని చేయించిన నగరాధికారి పేరు మాక్రోబియస్ లాంగినియానస్. ఈ పేరు మళ్లీ వస్తుంది.

405లో రాడగైసస్ అనే మరో గోత్ నాయకుడు పెద్ద జనసమూహాన్ని వెంటేసుకుని ఇటలీలో దిగాడు. 406 ఏప్రిల్‌లో వెలువడిన ఉత్తర్వుల్లో సామ్రాజ్యం ఎంత గడ్డు స్థితిలో ఉందో కనిపిస్తుంది. సైన్యంలో చేరే స్వతంత్రులకు 10 బంగారు నాణేలు. బానిసలు చేరితే స్వేచ్ఛ, దారి ఖర్చులకు 2 నాణేలు. బానిసల చేతికి కత్తి ఇవ్వడానికి రోమ్ ఎప్పుడోగానీ ఒప్పుకునేది కాదు. స్టిలికో హూణులను, సారస్ అనే గోత్ నాయకుడి మనుషులను కలుపుకుని ఫ్లోరెన్స్ పక్కనున్న ఫీసొలె కొండల్లో రాడగైసస్‌ను చుట్టేసి ఆకలితో మాడ్చాడు. ఆగస్టు 23న రాడగైసస్ తల తెగింది. అతని మేటి యోధుల్లో 12,000 మందిని స్టిలికో తన సైన్యంలో చేర్చుకున్నాడు. మిగిలిన ఖైదీలు ఎంతమందంటే, బానిసల ధర తలకు ఒక్క బంగారు నాణేనికి పడిపోయిందని ఒరోసియస్ రాశాడు. స్టిలికో చేసిన యుద్ధాలన్నిట్లోనూ ఇదే పెద్ద గెలుపు, తన సైనికులను పెద్దగా పోగొట్టుకోకుండా సాధించిన గెలుపు.

ఆ సంతోషం నాలుగు నెలలు నిలిచింది. 406 డిసెంబరు 31న వాండల్, అలాన్, సూయెబీ తెగలు రైన్ దాటి గాల్‌ను ముంచెత్తాయి. దాదాపు అయిదేళ్ల కిందట అక్కడి కాపలా దళాలను ఇటలీకి తెచ్చింది స్టిలికోయే. బ్రిటన్‌లో కాన్‌స్టాంటైన్ అనే సైనికుడు తానే చక్రవర్తినని ప్రకటించుకుని గాల్‌లోకి దిగాడు. ఇల్లిరికం తమదంటే తమదని తూర్పు, పశ్చిమ దర్బారుల మధ్య ఉన్న తగువు ఇంకా తేలలేదు. దాన్ని పట్టుకోవడానికి స్టిలికో అలారిక్‌నే కొలువులో పెట్టుకున్నాడు. ఆ పని వాయిదాల మీద వాయిదాలు పడేసరికి అలారిక్ 408లో ఆల్ప్స్ దగ్గరికొచ్చి ఖర్చులకింద 4,000 పౌన్ల బంగారం ఇవ్వమన్నాడు, మన లెక్కలో దాదాపు 1,300 కిలోలు.

రోమ్‌లో సెనేట్ సమావేశమైంది. చాలామంది సెనేటర్లు యుద్ధమే చేద్దామన్నారు. సైన్యానికి మనుషుల్ని ఇవ్వడానికి ఒప్పుకోనిదీ వీళ్లే. స్టిలికో లేచి నచ్చజెప్పాడు, చక్రవర్తి పేర కుదిరిన ఒప్పందమిది, ఇవ్వాల్సిందే అన్నాడు. సభ భయపడి ఒప్పుకుంది. లాంపాడియస్ అనే సెనేటర్ ఒక్కడు ఇది శాంతి కాదు, దాస్యానికి రాసిన పత్రం అని అరిచి, ప్రాణభయంతో పక్కనున్న చర్చిలోకి పరిగెత్తాడు. ఆ మాట నగరమంతా పాకింది.

మే నెలలో ఆర్కేడియస్ చనిపోయాడు. అతని కొడుకు ఏడేళ్లవాడు. కాన్‌స్టాంటినోపుల్‌కు ఎవరు వెళ్లాలన్న దగ్గర మామా అల్లుళ్లకు మాట తేడా వచ్చింది. హొనోరియస్ తానే వెళ్తానన్నాడు, స్టిలికో వద్దని తాను బయల్దేరతానన్నాడు. ఈ సందులో ఒలింపియస్ దూరాడు. స్టిలికో దయవల్లే కొలువులో ఎదిగినవాడు ఇతను. స్టిలికో తూర్పుకు వెళ్లేది ఆ పసివాడిని తప్పించి తన కొడుకు యుకేరియస్‌ను గద్దెనెక్కించడానికేనని చక్రవర్తి చెవిలో ఊదాడు. జబ్బుపడిన సైనికులను పరామర్శించే నెపంతో పావియా శిబిరంలో ఇదే విషం చల్లాడు. యుకేరియస్‌కు ఆ వయసుకు తగిన పెద్ద పదవి ఏదీ స్టిలికో ఇవ్వలేదన్న సంగతి ఎవరూ గుర్తు చేసుకోలేదు.

ఆగస్టు 13న గాల్ యుద్ధానికి వెళ్లాల్సిన దళాలను చక్రవర్తి పావియాలో పలకరిస్తుండగా తిరుగుబాటు రేగింది. స్టిలికో మనుషులనుకున్న అధికారులందరినీ వేటాడారు. తల మీద కిరీటం, ఒంటిమీద పైవస్త్రం లేకుండా హొనోరియస్ వీధిలోకి వచ్చి బతిమాలితేగానీ ఆగలేదు. చచ్చినవాళ్లలో లాంగినియానస్ ఒకడు. రోమ్ గోడలు బాగుచేయించిన మనిషే.

స్టిలికో అప్పుడు బొలోనాలో ఉన్నాడు. చుట్టూ ఉన్నది హూణులు, గోత్‌లు, ఇతర తెగల దళాలు. నాయకులంతా కూర్చుని, చక్రవర్తి చనిపోయి ఉంటే పావియా మీద పడదామని తీర్మానించారు. అంతలో చక్రవర్తి బతికే ఉన్నాడని కబురొచ్చింది. అయినా వెళ్దామని వాళ్లు పట్టుబట్టారు. స్టిలికో కాదన్నాడు. తెగల సైనికులను రోమన్ సైన్యం మీదికి ఉసిగొల్పడం అతనికి తప్పనిపించిందని జోసిమస్ ద్వారా మనకు తెలుస్తోంది. ఆ ఒక్క మాటతో సగం మంది దూరమయ్యారు. సారస్ రాత్రికి రాత్రి దాడి చేసి స్టిలికో హూణ అంగరక్షకులను నిద్రలోనే నరికాడు.

తప్పించుకుని రావెన్నా బయల్దేరిన స్టిలికో దారిలోని ఊళ్లకు ఒక హెచ్చరిక పంపాడు. తెగల సైనికుల భార్యాపిల్లలు ఆ ఊళ్లలోనే ఉండేవారు. అక్కడికి ఆ సైనికులను రానివ్వవద్దని ఆ హెచ్చరిక. తన ప్రాణం మీదికొచ్చినా ఊళ్లలో తిరుగుబాటు రాకూడదనుకున్నాడు. రావెన్నాలో చర్చిని శరణు చొచ్చాడు. ఆగస్టు 22 తెల్లవారగానే సైనికులొచ్చి, అతన్ని కాపలాలో ఉంచడానికే తప్ప చంపడానికి ఆజ్ఞ లేదని బిషప్ ఎదుట ఒట్టు వేశారు. చర్చి గడప దాటగానే రెండో ఉత్తరం తీశారు. అందులో మరణశిక్ష ఉంది. అతన్ని విడిపించడానికి అతని పరివారం కత్తులు దూస్తే స్టిలికో గద్దించి ఆపి, మెడ వంచాడు. హెరాక్లియన్ అనే అధికారి ఆ మెడ నరికాడు. దానికి బహుమానంగా ఆఫ్రికా ప్రాంతం అధికారం పుచ్చుకున్నాడు.

ఆ తరవాతి రోజులు ఘోరం. స్టిలికో కుట్ర చేశాడని ఒప్పించడానికి అతని స్నేహితులను చచ్చేదాకా కొట్టారు, ఒక్కరి నోటినుంచీ మాట రాలేదు. యుకేరియస్‌ను రోమ్‌లో చంపారు. థెర్మాంటియాను పుట్టింటికి పంపేశారు. ఇటలీ ఊళ్లలో ఉన్న తెగల సైనికుల భార్యాపిల్లలను రోమన్ సైనికులే ఊచకోత కోశారు. దాంతో 30,000 మంది ఆయుధాలతో సహా అలారిక్‌ను చేరారు. స్టిలికో పదమూడేళ్లు కూడగట్టిన బలం వారాల్లో శత్రువు పాలైంది. స్టిలికో ప్రాణాన్ని తీసిన కుట్రకంటే ఈ ఊచకోతే పెద్ద నేరమని నా అభిప్రాయం.

శరదృతువులో అలారిక్ రోమ్‌ను ముట్టడించాడు. సెరీనా గోత్‌లకు తలుపులు తీయిస్తుందేమోనన్న అనుమానంతో సెనేట్ ఆమెను గొంతు పిసికి చంపించింది. హొనోరియస్ సవతి చెల్లెలు గాల్లా ప్లాసిడియా కూడా ఔనంది. ముట్టడి ఎత్తేయడానికి అలారిక్‌కు ఇచ్చినవి: 5,000 పౌన్ల బంగారం, 30,000 పౌన్ల వెండి, 4,000 పట్టు అంగీలు, 3,000 ఎర్రరంగు తోళ్లు, 3,000 పౌన్ల మిరియాలు. ఆ మిరియాలు మన కేరళ తీరం నుంచి అరేబియా సముద్రం దాటి వెళ్లిన సరుకు. బంగారం చాలక దేవతా విగ్రహాలను కరిగించారు. కొన్ని నెలల ముందు 4,000 పౌన్లు దండగ అన్నది ఈ సభే. 410 ఆగస్టు 24న అలారిక్ నగరంలోకి చొరబడి మూడు రోజులు దోచుకున్నాడు.

రోమ్ ఫోరమ్‌లో ఒక పాలరాతి దిమ్మ ఇప్పటికీ నిలబడి ఉంది. పాత విగ్రహపు పీఠాన్ని నిలువుగా పెట్టి, గోత్ యుద్ధంలో గెలిచిన సైనికుల విశ్వాసాన్నీ పరాక్రమాన్నీ పొగుడుతూ శాసనం చెక్కించారు. కింది వరసల్లో ఏ సేనాని ఆలోచనతో ఆ గెలుపు వచ్చిందో రాశారు. అక్కడ ఉలితో గీకేసిన గుంట ఉంది. పదవులతో సహా స్టిలికో పేరు అక్కడ ఉండేది.

417లో గాల్ కవి రుటిలియస్ అతన్ని రోమ్ గుండెల్లో శత్రువును దింపిన ద్రోహిగా చిత్రించాడు. జోసిమస్ మొదట్లో అతన్ని తిట్టినా, చావు దగ్గరికొచ్చేసరికి ఆ కాలపు పెద్దల్లో అతనంత నిగ్రహం గలవాడు లేడన్నాడు. డబ్బు తీసుకుని పదవులు అమ్మలేదు, సైనికుల జీతం కాజేయలేదు అని రాశాడు. ఈ మార్పుకు కారణం అతని ఆధారాల్లో ఉంది. మొదటి భాగానికి జోసిమస్ ఒక రచయితను, తరవాతి భాగానికి ఒలింపియోడోరస్ అనే మరొకరిని అనుసరించాడు. బొలోనాలో కత్తి ఒరలోనే పెట్టినవాడు ద్రోహి అన్న మాట నాకు నమ్మబుద్ధి కాదు.

ఒలింపియస్ ఏడాది తిరక్కుండానే పదవి పోగొట్టుకున్నాడు. తరవాత సేనాధిపతైన కాన్‌స్టాంటియస్ అతని చెవులు కోయించి కర్రలతో కొట్టించి చంపించాడు. హెరాక్లియన్ 413లో హొనోరియస్ మీదే తిరగబడి, ఇటలీలో ఓడి, కార్తేజ్‌లో తల పోగొట్టుకున్నాడు. హొనోరియస్ స్టిలికో తరవాత పదిహేనేళ్లు ఏలి, 423లో జబ్బుచేసి రావెన్నాలో చనిపోయాడు.